పెరట్లో నత్తలు, రోకలిబండలు.. మా తాబేలుకు ప్రమాదమా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు. రెండేళ్లుగా సల్కాటా తాబేలును పెంచుతున్నాం. అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. పగలంతా పెరట్లో గడ్డి మేస్తుంది. వానలు మొదలయ్యాక ఎటు చూసినా నత్తలు, రోకలిబండలు, చీమలే. మొన్న అది ఓ చిన్న నత్తను కొరికి మింగేసింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పురుగుల మందు కొట్టిద్దామని మావారు అంటున్నారు. మా బాబుకు నాలుగేళ్లు, ఎప్పుడూ దాని వెంటే ఉంటాడు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

పశువైద్యుల సలహా: ముందు ఆ మందు కొట్టించే పని ఆపించండి. నత్త కన్నా, నత్తలను చంపడానికి చల్లే గుళికలే మీ తాబేలుకు ఎక్కువ ప్రమాదం. వాటిలో ఉండే మెటాల్డిహైడ్ నరాలను దెబ్బతీస్తుంది. గుళిక తిన్నా, గుళిక తిని చచ్చిన నత్తను తిన్నా ముప్పే. పైగా తాబేలు నేలకు ఆనుకునే నడుస్తుంది, ఆ నేల మీది గడ్డినే తింటుంది. మొక్కలకు కొట్టిన మందు ఏదైనా చివరికి దాని ఒంట్లోకే చేరుతుంది. మందు కొట్టిన మర్నాడు తాబేలును నా దగ్గరికి పరుగున తెచ్చినవాళ్లు ఉన్నారు. మామూలుగా చేత్తో పట్టుకోగానే తల చటుక్కున లోపలికి లాక్కుంటుంది. అలాంటిది మెడ వేలాడేసి, కాళ్లు బయటే వదిలేసి ఉంటుంది. ఆ స్థితిలో కాపాడటం చాలా కష్టం.

ఇక నత్త సంగతి. సల్కాటాలది సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే గడ్డి నేలలు. వాటి తిండి గడ్డి, ఆకులు. ఎప్పుడో ఒక నత్తో వానపామో నోట్లో పడితే భయపడక్కర్లేదు. కొన్ని రోజులు మామూలుగా తింటోందా, చురుగ్గా తిరుగుతోందా గమనించండి. ఇష్టంగా తింది కదా అని మీరే పురుగులు, ఉడికించిన గుడ్డు పెట్టొద్దు. అంత ప్రొటీన్ దాని కిడ్నీలకు మంచిది కాదు. పెద్ద ఆఫ్రికా నత్తలు కనిపిస్తే మాత్రం గ్లౌజులు వేసుకుని ఏరేయండి. వాటిలో ఉండే ఒక రకం నులిపురుగు మనుషుల మెదడు పొరల్లో వాపు తెప్పిస్తుంది. బాబును వాటి జోలికి పోనివ్వకండి.

రోకలిబండ కుట్టదు. కదిలిస్తే చుట్టలా ముడుచుకుని ఘాటైన ద్రవం వదులుతుంది. అది కంట్లో పడితే మంట, నీరు కారడం ఉంటాయి. చాలా తాబేళ్లు ఆ వాసనకే తల తిప్పేసుకుంటాయి. ఒకవేళ కొరికి నురగ కక్కుతుంటే నోరు, కళ్లు మంచినీళ్లతో కడిగి డాక్టర్‌కు చూపించండి. తొలకరికి మఖమల్ ముక్కల్లా ఎర్రగా కనిపించే ఆరుద్ర పురుగులు కుట్టవు, కరవవు. వాటిని చంపొద్దు.

నేను నిజంగా భయపడేది చీమలకు, ఈగలకు. ఎర్రచీమలు గుంపుగా పడితే చిన్న తాబేలు పారిపోలేదు. కళ్ల చుట్టూ, తోక కింద మెత్తటి చర్మాన్ని కొరికేస్తాయి. తినగా మిగిలిన పండు, దోసకాయ ముక్కల కోసమే అవి వస్తాయి కాబట్టి సాయంత్రానికి ఆ చోటు శుభ్రంగా ఊడ్చేయండి. చీమల పొడి, చీమల చాక్‌పీస్ దాని దరిదాపుల్లో వాడొద్దు. రాత్రిపూట తాబేలును ఇంట్లో డబ్బాలో ఉంచుతారు కదా, పచ్చడి జాడీకి పెట్టినట్టే ఆ డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి. చీమ దాటి రాలేదు.

వానాకాలంలో ఈగలు చిన్న గాయం దొరికినా, తోక దగ్గర విరేచనం అంటుకుని ఉన్నా గుడ్లు పెట్టేస్తాయి. సన్నటి నూకల్లా తెల్లగా కనిపిస్తాయి. చూస్తుండగానే అవి పురుగులై కండ తొలిచేస్తాయి. అందుకే రోజూ సాయంత్రం తాబేలును తిప్పి తోక కింద, కాళ్ల సందుల్లో చూడండి. పురుగు కనిపిస్తే పశువుల పుండ్లకు పోసినట్టు టర్పెంటైన్, ఫినాయిల్ పోయకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మెడ మడతల్లో, డిప్ప అతుకుల్లో పిడుదులు కనిపిస్తే పట్టకారుతో నెమ్మదిగా తీయించవచ్చు. కానీ కుక్కలకు, పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మాత్రం తాబేలుకు ఎవరు ఇస్తామన్నా వద్దనండి. ఆ మందుకు తాబేళ్లు పక్షవాతం వచ్చినట్టయి చనిపోతాయి. తెలియక వేసే ఆ ఒక్క ఇంజెక్షన్ పెరట్లోని పురుగులన్నిటి కన్నా ప్రమాదం. దయచేసి ఈ పేరు రాసి పెట్టుకోండి.

సల్కాటా విదేశీ జాతి కాబట్టి కేంద్రం నిర్వహించే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించారో లేదో చూసుకోండి. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే మాత్రం అది మన నక్షత్ర తాబేలు. దాన్ని ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీ శాఖకు అప్పగించాలి.

చివరిగా బాబు గురించి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇది సోకితే జ్వరం, విరేచనాలు తీవ్రంగా ఉంటాయి. ఇంకో ఏడాది పాటు దూరం నుంచి చూడనివ్వండి, పట్టుకోనివ్వొద్దు. పొరపాటున పట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడిగించండి. తాబేలు నీళ్ల తొట్టిని కూడా వంటగది సింకులో కాకుండా బయట కుళాయి దగ్గరే కడగండి.