ఏ రివాల్వర్ ఉంచుకోవాలన్నది తర్వాత, ముందు అబ్బాయి సంగతి

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాశారు. మూడు నెలల కిందట మామగారు కాలం చేశారు. ఆయన లైసెన్సు మీద రెండు రివాల్వర్లు ఉన్నాయి: ఒకటి పాత వెబ్లీ, రెండోది కాన్పూర్‌లో తయారైన .32. భర్తకు సొంత లైసెన్సు మీద డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. ఏవి ఉంచుకోవాలి, ఏది అమ్మాలి అని భర్తకూ మరిదికీ రోజూ గొడవే. ఉత్తరం చివర మాత్రం నాలుగు ముక్కలు: రెండేళ్లుగా బ్యాంకు పరీక్షలు రాస్తున్న కొడుకు సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. పుస్తకాలన్నీ స్నేహితుడికి ఇచ్చేశాడు. మొన్న "నేను లేకపోయినా మీకేం లోటు" అన్నాడు.

అమ్మా, ఆ చివరి ముక్కల దగ్గరే మొదలుపెడతాను.

రాత్రి భోజనాలయ్యాక మీవారు బీరువా తీసి, పాత పంచె ముక్క పరిచి, వెబ్లీని నూనెగుడ్డతో తుడుస్తారని రాశారు. మీట నొక్కితే గొట్టం ముందుకు వంగుతుంది, తూటాలన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు అలాగే చూపించేవారట. తండ్రి పోయిన దుఃఖం ఆయన అలా తీర్చుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ అబ్బాయి గుమ్మం పట్టుకుని చూస్తుంటాడని, బీరువా తాళంచెవి దేవుడి గూట్లో ఉంటుందని వాడికి తెలుసని కూడా మీరే రాశారు. చనిపోవాలన్న తలంపు చాలాసార్లు కాసేపే బలంగా ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికి తుపాకి అందితే మళ్లీ ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అందుకే మూడూ ఈ వారంలోనే ఇల్లు దాటాలి.

చట్టం కూడా ఇందుకు కలిసొస్తుంది. మామగారి లైసెన్సు ఆయనకిచ్చింది, ఆయనతోనే సరి. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఆ రెండు రివాల్వర్లనూ ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి ఎలా తేవాలో అడగండి. ఆ పని మీవారే చేయాలి, మీరు వాటిని ముట్టుకోవద్దు. రసీదు తప్పకుండా తీసుకోవాలి. డబుల్ బ్యారెల్‌ను కూడా అబ్బాయి కుదుటపడే దాకా డీలరు దగ్గర ఉంచమనండి.

ఇక అన్నదమ్ముల గొడవ. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులన్నది రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినా అంతే. అంటే మీవారికి ఇంకొక్కదానికే చోటుంది. మరిదిగారూ వారసులే కదా, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిస్తే రెండోదానికి ఆయన తన పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు. నన్నడిగితే వెబ్లీ మీవారిది, .32 మరిదిగారిది. తండ్రి చెయ్యి తగిలిన వస్తువు మీవారికి ఎంత అవసరమో మీ ఉత్తరంలోనే కనబడుతోంది. ఇదంతా నెలల తరబడి నడిచే వ్యవహారం, నడవనివ్వండి.

మీవారితో చట్టం మాట ఒక్కటే చెప్పి ఊరుకోకండి. కొడుకు అన్న మాట అన్నట్టుగా చెప్పండి. విని కోప్పడవచ్చు, "వాడికేమైంది, పరీక్ష టెన్షన్" అని కొట్టిపారేయవచ్చు. అయినా ఆ రాత్రే చెప్పండి.

అబ్బాయిని కూడా సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు. అడిగాక సలహాలు చెప్పకుండా వినండి. ఉద్యోగం ఊసు అసలే వద్దు. రాత్రి ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీరిద్దరూ వెంట వెళ్లండి. పుస్తకాలు తీసుకున్న ఆ స్నేహితుణ్ణి కూడా ఒకసారి ఇంటికి పిలవండి, మీకు చెప్పనివి అతనికి చెప్పి ఉండవచ్చు.