మండువా ఇంటికి యునెస్కో అవార్డు వస్తుందా?
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతగారు కట్టించిన మండువా లోగిలికి దాదాపు తొంభై ఏళ్లు. మూడేళ్ల కిందట బాగు చేయించాం. గోల్కొండ మెట్లబావులకు వచ్చిన యునెస్కో అవార్డుకు మేమూ దరఖాస్తు చేయవచ్చా? అది కోటలకేనా? (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: ఇళ్లకూ ఇస్తారు. దాని పూర్తి పేరు యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ అవార్డు. బ్యాంకాక్‌లోని యునెస్కో కార్యాలయం 2000 నుంచి ఇస్తోంది. కట్టడానికి యాభై ఏళ్లు దాటాలి, మరమ్మతు పని గత పదేళ్లలో పూర్తయి ఉండాలి. పనిని సొంతవాళ్లయినా, ట్రస్టు అయినా, ప్రభుత్వంతో కలిసి ప్రైవేటువాళ్లయినా చేసి ఉండాలి. ఇక్కడి దాకా మీకు ఇబ్బంది లేదు.

అసలు చిక్కు మరో షరతుతో. బాగు చేసిన కట్టడం కనీసం ఏడాదిగా వాడుకలో ఉండాలి. ఏటా సంక్రాంతికి మాత్రమే తాళం తీసే ఇల్లయితే, గోడలు ఎంత అందంగా ఉన్నా దరఖాస్తు నిలబడదు. ఎవరైనా కాపురం ఉండాలి, లేదంటే ఊరికి గ్రంథాలయంగానో, పిల్లలకు సంగీతం నేర్పే చోటుగానో రోజూ పనికొస్తూ ఉండాలి.

మన దగ్గర హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు 2010లో మెరిట్ వచ్చింది. 2022లో గోల్కొండ మెట్లబావులకు డిస్టింక్షన్, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు మెరిట్ వచ్చాయి. అన్నిటికన్నా పై మెట్టు ఎక్సలెన్స్, దాని తర్వాత డిస్టింక్షన్, ఆ తర్వాత మెరిట్. 2022లో ఎక్సలెన్స్ ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి దక్కింది.

ప్రశ్న: రామప్ప గుడికి వచ్చింది కూడా ఇదే కదా? (ములుగు)

జవాబు: కాదు. రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ జాబితాకు దేశ ప్రభుత్వమే ప్రతిపాదన పంపాలి. ఐకోమోస్ అనే అంతర్జాతీయ కట్టడాల పరిరక్షణ సంస్థ నిపుణులు పరిశీలించి నివేదిక ఇస్తారు, 21 దేశాల కమిటీ తేలుస్తుంది. అక్కడ చూసేది కట్టడం గొప్పతనం. ఈ అవార్డులో చూసేది దాన్ని కాపాడిన పనితనం. అందుకే పేరులేని పల్లెటూరి ఇంటికి కూడా ఇందులో చోటుంది.

ప్రశ్న: న్యాయనిర్ణేతలు ఎవరు? వచ్చి చూస్తారా? (విజయనగరం)

జవాబు: పాత కట్టడాల పరిరక్షణ, వాస్తుశిల్పం, నగర ప్రణాళిక వంటి రంగాల్లో పండిన వివిధ దేశాల నిపుణులు. మీరు పంపిన వివరణ, నక్షాలు, ఫొటోలు ముందు పెట్టుకునే చర్చిస్తారు. కాబట్టి కాగితం మీద కనిపించని పని వాళ్ల లెక్కలో జరగనట్టే.

వాళ్లు వెతికేవి ఇవి: ఆ చోటు ఆత్మ మిగిలిందా, పనిలో సాంకేతిక నైపుణ్యం ఉందా, ఇప్పటి వాడకం కట్టడానికి తగినదేనా, ఊరివాళ్లకు అందులో పాలు ఉందా, చుట్టుపక్కలకు మేలు జరిగిందా. మండువా ఇంటికి ఆత్మ అంటే నడిమి వాకిలే. వాన నీళ్లు నాలుగు వైపుల నుంచి అందులో పడి తూము గుండా బయటికి పోవాలి. దోమలొస్తున్నాయని పైన రేకు వేసి మూసేస్తే, స్తంభాలకు ఎంత పాలిష్ పెట్టినా అది మండువా ఇల్లు కాదు.

పాతదానికి, కొత్తదానికి తేడా దాచకండి. కుళ్లిన దూలంలో రెండడుగులే మార్చి అతుకు వేస్తే ఆ సంగతి రాయండి, అతుకు ఫొటో పెట్టండి. మొత్తం దూలం మార్చేయడం కన్నా దానికే విలువ ఎక్కువ.

ప్రశ్న: మేస్త్రి గోడల అడుగున మూడడుగుల మేర సిమెంటు పూశాడు. ఇప్పుడు దాని పైభాగంలో చెమ్మ కనబడుతోంది. ఏం చేయాలి? (తణుకు)

జవాబు: నేల నుంచి ఇటుకలోకి ఎక్కిన తడి సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని ఆరనివ్వదు. తడి దారి వెతుక్కుంటూ పైకి పాకుతుంది, వెంట ఉప్పును తీసుకెళ్తుంది. ఆ ఉప్పు గట్టిపడినప్పుడల్లా మెత్తటి పాత ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. ఫొటోలో మూడడుగుల ఎత్తున అడ్డంగా నల్లటి గీత కనబడితే నిపుణుడికి విషయం వెంటనే తెలిసిపోతుంది.

సిమెంటు తీసేయాలి, కానీ మిషనుతో వద్దు. చిన్న ఉలి, సుత్తితో ముందు ఒక చదరపు అడుగు తీసి చూడండి. సిమెంటుతో పాటు ఇటుక ముఖం ఊడి వస్తుంటే ఆపి, పరిరక్షణ పనులు తెలిసిన ఆర్కిటెక్టును పిలవండి. బాగా వస్తే సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, వేసవంతా గోడను ఆరనివ్వండి. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.

ఈలోగా సున్నం సిద్ధం చేసుకోండి. కాల్చిన సున్నాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి (కళ్లకు అద్దాలు తప్పనిసరి, సలసల మరుగుతుంది), ఆపైన కనీసం నెల రోజులు నీటి అడుగునే ఉంచాలి. సున్నం ఒక పాలు, ఇటుక పొడి అంటే సుర్కీ ఒక పాలు, ఇసుక రెండు పాళ్లతో మొదలుపెట్టి గానుగలో నూరించండి. పాళ్లు కాస్త మార్చి మూడు చోట్ల నమూనా పూసి చూసి, పగుళ్లు రానిదాన్ని ఎంచుకోండి. ఒక్కో పూత 10 నుంచి 12 మిల్లీమీటర్లు దాటకూడదు. మందంగా ఒకేసారి వేస్తే పైపొర ముందే బిగిసి పగులుతుంది. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టి పది రోజులు చెమ్మగా ఉంచండి.

ఈ తప్పునూ దరఖాస్తులో రాయండి. ఏం జరిగింది, ఎలా సరిదిద్దారో తేదీలతో చెప్పేవాళ్లను నిపుణులు నమ్ముతారు.

ప్రశ్న: మా ఊరి రాతి మండపం మీద సున్నం పొరలున్నాయి. ఇసుక పిచికారీతో తీయిస్తామంటున్నారు. (ప్రకాశం జిల్లా)

జవాబు: దయచేసి ఆపించండి. ఇసుక సున్నంతో పాటు రాతి పై చర్మాన్నీ తీసేస్తుంది. శాసనాల అక్షరాల అంచులు అరిగిపోతే తిరిగి రావు. నీళ్లు చల్లి నానబెట్టి, వెదురు పుల్లలతో, మెత్తటి నైలాను బ్రష్షుతో పొర తర్వాత పొర తీయాలి. నెలలు పడుతుంది. సున్నం కింద పాత రంగుల చిత్రాలుండే అవకాశం ఉంది కాబట్టి, తడి తగిలించే ముందే ఒక మూల పొడిగా గీకి చూడటం తప్పనిసరి. మండపం పురావస్తు శాఖ రక్షణలో ఉంటే అనుమతి లేకుండా చేయి పెట్టకూడదు.

ప్రశ్న: దరఖాస్తుకు ఫొటోలు ఎన్ని కావాలి? (నిజామాబాద్)

జవాబు: సంఖ్య కన్నా జత ముఖ్యం. పనికి ముందు నేల మీద పది చోట్ల మేకు కొట్టి, అక్కడ నిలబడి తీయండి. పని నడుస్తున్నప్పుడు, ముగిశాక అదే మేకు దగ్గర, అదే ఎత్తు నుంచి, అదే వేళకు తీయండి. చాలామంది పని అయ్యాక గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికి 'ముందు' పోయి ఉంటుంది. మీకూ అలా జరిగితే పాత పెళ్లి ఆల్బములు వెతకండి. పందిరి వెనక ఇల్లు ఎక్కడో ఒకచోట పడే ఉంటుంది.