పాత జర్మన్ కార్ల రేడియేటర్ గుర్తులు: కథలు కొన్ని, కోర్టు కాగితాలు ఇంకొన్ని

ప్రశ్న: పాత జర్మన్ కార్ల రేడియేటర్ మీద ఉండే గుర్తుల చరిత్ర ఏమిటి? మెర్సిడెస్ నక్షత్రం అంటే నేల, నీరు, గాలి అనీ, బీఎమ్‌డబ్ల్యూ గుర్తు విమానం ప్రొపెల్లర్ అనీ చెబుతారు. నిజమేనా? పాత బ్యాడ్జి ఏదైనా దొరికితే అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

జవాబు:

నక్షత్రం కథ చాలావరకు నిజం. ప్రొపెల్లర్ కథ ప్రకటనల వాళ్ల చలవ.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా స్టట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాను. మా పక్కింటి పెద్దాయన దగ్గర 1938 నాటి వాండరర్ డబ్ల్యూ24 కారు ఒకటి ఉంది. శనివారాల్లో ఆయన షెడ్డుకు వెళ్లి స్పానర్లు అందిస్తూ కూర్చోవడంతో ఈ పిచ్చి పట్టుకుంది. అక్కడి నుంచి పాత విడిభాగాల సంతలు, మ్యూజియంలు, ఎనామెల్ బ్యాడ్జీలు. ఇన్నాళ్లూ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటే. ఈ గుర్తుల్లో చిత్రకారుల ఊహ ఎంతుందో ట్రేడ్‌మార్క్ కార్యాలయాలు, కోర్టులు, బ్యాంకుల ప్రమేయం అంతకంటే ఎక్కువ ఉంది.

ముందు రేడియేటర్ సంగతి చెప్పాలి. తొలినాటి కార్లకు ముఖమే లేదు. 1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండికి ఇంజన్ వెనక ఉండేది, గుర్తు పెట్టాలన్నా చోటు లేదు. ఇంజన్ ముందుకు వచ్చాక కూడా చాలా బండ్లలో నీరు చల్లారే గొట్టాలు కింద ఎక్కడో చుట్టలుగా వేలాడేవి. 1900 చివర్లో విల్‌హెల్మ్ మేబాక్ డైమ్లర్ కంపెనీకి రూపొందించిన 35 హార్స్‌పవర్ కారుతో ఆ పరిస్థితి మారింది. దాని ముందు భాగంలో 8,070 సన్నని గొట్టాలను పేర్చి తేనెపట్టులాంటి రేడియేటర్ నిలబెట్టాడు. అంత పెద్ద ఇంజన్‌కూ తొమ్మిది లీటర్ల నీరు సరిపోయింది. కారుకు ఎదురుగా నిలబడితే మొదట కనిపించేది ఇక రేడియేటరే కాబట్టి కంపెనీ పేరు కూడా అక్కడికే చేరింది.

రేడియేటర్ నెత్తిన నీళ్లు పోసే మూత ఉండేది. నీరు మరిగిపోవడం, మూత విప్పి మళ్లీ పోయడం ఆనాటి డ్రైవర్లకు మామూలే. (వేడి మీద విప్పితే ఆవిరి ముఖాన కొడుతుంది. మా పెద్దాయన ఇప్పటికీ మందపాటి గుడ్డ వేయకుండా దాన్ని ముట్టుకోడు.) డ్రైవర్ కూర్చున్న చోటు నుంచి ఆ మూత తిన్నగా కనిపిస్తుంది. అందుకే 1910ల్లో దాని మీద ఉష్ణమాపకం బిగించడం మొదలైంది. ఎర్ర గీత పైకి పాకితే బండి ఆపాలన్నమాట. ఉష్ణమాపకం అక్కర్లేదనుకున్నవాళ్లు, ఉన్నా అందం చాలదనుకున్నవాళ్లు బొమ్మలు పెట్టుకున్నారు. కాబట్టి పాత కారులో చూడాల్సిన చోట్లు రెండు: రేడియేటర్ చట్రం మీద బిగించిన ఎనామెల్ బిళ్ల, మూత మీద నిలబడే లోహపు బొమ్మ. ఒకే కంపెనీ ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులు వాడిన సందర్భాలున్నాయి. చాలామంది తికమక పడేది ఇక్కడే.

ఇక నక్షత్రం. ‘మెర్సిడెస్’ అన్నది డైమ్లర్ కార్లను ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ధనవంతులకు అమ్మిన ఎమిల్ యెలినెక్ కూతురి పేరు. 1902లో డైమ్లర్ కంపెనీ ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసింది. పేరు కుదిరింది కానీ గుర్తు లేదు. గాట్‌లీబ్ డైమ్లర్ అప్పటికే, 1900లో, చనిపోయాడు. ఆయన ఒకప్పుడు కొలోన్ దగ్గరి డాయిట్జ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ రోజుల్లో ఊరి చిత్రం ఉన్న ఒక కార్డు మీద తమ ఇంటిపై నక్షత్రం గుర్తు వేసి, ఈ నక్షత్రం ఒకనాడు మన ఫ్యాక్టరీ మీద వెలుగుతుందని భార్యకు రాశాడట. కొడుకులు పాల్, అడాల్ఫ్ అది గుర్తుచేయడంతో 1909లో కంపెనీ నక్షత్రాన్ని నమోదు చేయించింది. అప్పుడు నమోదైనవి రెండు నక్షత్రాలు, ఒకటి మూడు కోణాలది, రెండోది నాలుగు కోణాలది. నాలుగు కోణాలది కాగితం మీదే ఉండిపోయింది. మూడు కోణాలది 1910 నుంచి రేడియేటర్ ఎక్కింది.

నేల, నీరు, గాలి అన్న అర్థంలో అతిశయోక్తి లేదు. డైమ్లర్ 1886లోనే తన ఇంజన్‌ను పడవకు బిగించాడు. 1888లో వోల్‌ఫెర్ట్ అనే ఆయన గాలిఓడ కూడా డైమ్లర్ ఇంజన్‌తోనే స్టట్‌గార్ట్ దగ్గరి కాన్‌స్టాట్ ఊరి మీద ఎగిరింది. మూడూ చేసి చూపించిన కంపెనీ ఆ మాట చెప్పుకుంటే తప్పు పట్టలేం.

నక్షత్రం చుట్టూ ఉన్న వలయం 1916లో వచ్చింది. మూత మీద నిలబడే వలయంలోని నక్షత్రానికి 1921లో దరఖాస్తు చేస్తే 1923లో నమోదైంది. ఆ కాలపు మెర్సిడెస్‌లో చూడదగ్గ విశేషం ఇంకొకటుంది. అప్పట్లో జర్మనీలో ఓడ ముక్కులా మధ్యలో కోసుగా ఉండే రేడియేటర్లు ఫ్యాషన్. మధ్యలో బిళ్ల పెట్టడానికి చదునైన చోటు లేకపోవడంతో రెండు వాలుల మీద చెరొక నక్షత్రం బిగించారు. మ్యూజియంలో ఆ కారును ఒక పక్క నుంచి మాత్రమే ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మాన్‌హైమ్‌లోని బెంజ్ కంపెనీ మొదట పళ్ల చక్రం మధ్యలో తన పేరు రాసుకునేది. 1909లో చక్రం తీసేసి లారెల్ ఆకుల దండ పెట్టుకుంది. రేసుల్లో గెలుస్తున్న కంపెనీకి ఫ్యాక్టరీ చక్రం కంటే విజేత దండ బాగుంటుందని తోచి ఉండాలి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత డబ్బు విలువ కుప్పకూలి కార్లు కొనేవాళ్లే కరవైనప్పుడు ఈ రెండు కంపెనీలూ దగ్గరయ్యాయి. 1926లో విలీనమయ్యాయి. ఆ ఒప్పందాన్ని కొత్త బిళ్లలోనే చూడవచ్చు: మధ్యలో డైమ్లర్ వారి నక్షత్రం, చుట్టూ బెంజ్ వారి దండ, పైన ఒక పేరు, కింద ఒక పేరు. ఎవరూ చిన్నబుచ్చుకోకుండా పెళ్లి శుభలేఖలో ఇరువైపుల పెద్దల పేర్లూ వేసినట్టు ఉంటుంది.

బీఎమ్‌డబ్ల్యూ దగ్గరికి వద్దాం. మ్యూనిక్‌లో ఆ కంపెనీ మ్యూజియం చూపించడానికి మా బావమరిదిని తీసుకువెళ్తే, లోపలికి వెళ్లకముందే “తిరుగుతున్న ప్రొపెల్లర్ కదా బావా” అన్నాడు. జరిగింది వేరు. మ్యూనిక్‌లోని రాప్ అనే విమాన ఇంజన్ల కంపెనీ 1917లో బీఎమ్‌డబ్ల్యూగా పేరు మార్చుకుంది. రాప్ వారి గుర్తు నల్లటి వలయంలో గుర్రం తల. కొత్త కంపెనీ వలయాన్ని ఉంచి, గుర్రం తల తీసేసి, బవేరియా రాష్ట్రపు తెలుపు, నీలం రంగులు వేసింది. అయితే రాజ్యచిహ్నాలను వ్యాపార గుర్తుల్లో వాడడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు. అందుకని రంగుల వరస తారుమారు చేసి నమోదు చేయించారు. 1929లో ఒక ప్రకటనలో విమానం ముందు తిరిగే ప్రొపెల్లర్ మీద ఈ గుర్తు వేశారు. అది విమాన ఇంజన్ల ప్రచారానికి వేసిన బొమ్మ. జనానికి నచ్చింది, కంపెనీ కూడా చాలాకాలం గట్టిగా కాదనలేదు. ఇదంతా చెప్పాక మా బావమరిది “అయినా ప్రొపెల్లరే బాగుంది” అన్నాడు. అదీ నిజమే, అందుకే ఆ కథ ఇంకా బతికి ఉంది.

1917లో ఆ గుర్తు పుట్టేనాటికి బీఎమ్‌డబ్ల్యూకు కారే లేదు. 1928లో ఐజెనాక్‌లోని కార్ల ఫ్యాక్టరీని కొన్నప్పుడు, ఇంగ్లండ్ ఆస్టిన్ సెవెన్‌ను లైసెన్సు మీద తయారుచేస్తున్న డిక్సీ అనే చిన్న కారు దానితో పాటు చేతికి వచ్చింది. డిక్సీ వారి గుర్తు సగం మనిషి, సగం గుర్రం అయిన సెంటార్. పరుగెత్తే ఆ బొమ్మ అందంగా ఉంటుంది. కొనుగోలు తర్వాత దాని స్థానంలోకి నీలం, తెలుపు బిళ్ల వచ్చింది.

కోర్టు ప్రమేయం ఎక్కువగా ఉన్నది ఆడి కథలో. ఆగస్ట్ హార్క్ తన పేరుతోనే కంపెనీ పెట్టి, పాలకవర్గంతో గొడవపడి 1909లో బయటికి వచ్చాడు. త్స్వికావ్ నగరంలోనే, మళ్లీ తన పేరుతోనే ఇంకో కంపెనీ తెరిస్తే పాతవాళ్లు దావా వేసి గెలిచారు. సొంత పేరు మీద హక్కు పోగొట్టుకున్న మనిషి దాన్నే (జర్మన్‌లో ‘హార్క్’ అంటే ‘విను’) లాటిన్‌లోకి మార్చి 1910లో ‘ఆడి’ అని పెట్టుకున్నాడు. 1920ల ఆడి కార్ల రేడియేటర్ మూత మీద ‘1’ అంకె నిలబడి ఉండేది. త్స్వికావ్‌లో ఆడి పాత ఫ్యాక్టరీ ఆవరణలో ఉన్న మ్యూజియంలో దాన్ని దగ్గరగా చూశాను. ఇంత సూటిగా గొప్పలు చెప్పుకున్న గుర్తు నాకు మరొకటి తెలియదు.

1932లో సాక్సనీ రాష్ట్ర బ్యాంకు పూనుకుని, ఆర్థిక మాంద్యంలో కొట్టుమిట్టాడుతున్న ఆడి, డీకేడబ్ల్యూ, హార్క్‌లను, వాండరర్ వారి కార్ల విభాగాన్ని కలిపి ఆటో యూనియన్ చేసింది. నాలుగు వలయాల్లో ఒక్కొక్కటి ఒక్కో కంపెనీ. పాత కార్ల మీద గమనించాల్సింది ఏమిటంటే, విలీనమైనా ఎవరి గుర్తు వాళ్లకు ఉండిపోయింది. మా పెద్దాయన వాండరర్‌కు ముందు నాలుగు వలయాలున్నాయి, నెత్తిన రెక్కలున్న ‘డబ్ల్యూ’ కూడా ఉంది. హార్క్ కిరీటం ధరించిన ‘హెచ్’ను వదులుకోలేదు, ఆడి ‘1’ని వదులుకోలేదు. తనకంటూ మరో గుర్తు లేకుండా ఆ వలయాలను మాత్రమే పెట్టుకున్నవి ఆటో యూనియన్ రేసు కార్లు.

మిగిలిన కంపెనీల్లో నాకు ఇష్టమైనవి కొన్నే చెబుతాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఆడ్లర్ వారిది డేగ. 1930 ప్రాంతంలో బౌహౌస్ కళాపాఠశాల స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ వారికి కారు బాడీలు రూపొందించాడు. ఆ కార్ల మీది డేగకు ఈకల హంగు లేదు, నాలుగు గీతల్లో పని తేల్చేశారు. (1927 నుంచి 1929 వరకు క్లేరెనోర్ స్టిన్నెస్ అనే యువతి ప్రపంచాన్ని చుట్టివచ్చింది కూడా ఆడ్లర్ కారులోనే. దాని గురించి విడిగా రాయాలి.) స్టెట్టిన్ నగరంలో పుట్టిన స్టోవర్ వారిది పొమెరేనియా ప్రాంతపు రాజముద్రలోని గ్రిఫిన్, అంటే గద్ద తల, రెక్కలు, సింహం ఒడలు ఉన్న జంతువు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, కంపెనీ లేదు. మేబాక్‌ది ఒకదాని మీదొకటి ఎక్కిన రెండు ‘ఎమ్’లు. ఓపెల్ 1937లో వలయాన్ని దాటిపోతున్న జెప్పెలిన్ గాలిఓడను తీసుకుంది. అదే ఏడాది మే 6న హిండెన్‌బర్గ్ గాలిఓడ కాలిపోయింది. ముహూర్తం ఇంతకంటే చెడ్డది దొరకదు. తర్వాతి కాలంలో అదే ఆకారం సన్నబడి, వంకర తిరిగి, ఓపెల్ వారి లారీ పేరు మీదుగా మెరుపు తీగ అయింది.

1930ల మధ్య నుంచి రేడియేటర్ ఒక జాలీ చాటుకు తప్పుకుంది, నీళ్ల మూత బానెట్ కిందికి పోయింది. పైన బొమ్మ మాత్రం మిగిలింది. తర్వాతి మెర్సిడెస్‌లలో నక్షత్రం స్ప్రింగు మీద నిలబడింది, ఎవరికైనా తగిలితే వంగిపోవాలని. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి పోర్షేకు, వోక్స్‌వాగన్ బీటిల్‌కు ముందు రేడియేటరే లేదు. అయినా 1950ల్లో ఒకదానికి స్టట్‌గార్ట్ గుర్రం ఉన్న డాలు, ఇంకోదానికి వోల్ఫ్స్‌బర్గ్ తోడేలు ఉన్న ముద్ర ముక్కు మీద వచ్చి కూర్చున్నాయి.

ఇక నకిలీల సంగతి. పాత బిళ్లలు ఇత్తడి లేదా రాగి కలిసిన రేకును అచ్చుతో నొక్కి, గుంతల్లో రంగు గాజు పొడి నింపి, సుమారు 800 డిగ్రీల వేడిలో కాల్చి, నున్నగా సానపట్టి చేసినవి. కాబట్టి రంగు అంటే అక్కడ గాజే. అది పెచ్చులూడితే అంచులు గాజు విరిగినట్టు పదునుగా, చిప్ప ఆకారంలో ఉంటాయి. ఇప్పటి నకిలీల్లో ఎక్కువ భాగం రెసిన్ (ప్లాస్టిక్‌లాంటి జిగురు) పోసినవి, వాటి మీద మెత్తని గీతలు పడతాయి, పాతబడితే పసుపు తిరుగుతాయి. పంటికి ఆనించి చూసే వ్యాపారులున్నారు. గాజు చల్లగా, గట్టిగా తగులుతుంది, రెసిన్ అలా తగలదు. సంతలో నలుగురి చేతులు మారిన వస్తువును నోట్లో పెట్టుకోవడం నావల్ల కాదు, భూతద్దం చాలు.

బిళ్ల వెనక్కి తిప్పి చూడండి. పాతవాటికి చేత్తో అతికించిన కాడలో, మడిచే రేకు నాలుకలో ఉంటాయి, కొన్నిటికి తయారీదారు ముద్ర ఉంటుంది. వెనకభాగం కూడా ముందుభాగమంత తళతళలాడుతుంటే అనుమానించాలి. పూత కూడా సాక్ష్యం చెబుతుంది. కార్ల మీద క్రోమియం పూత 1920ల చివర్లో గాని వాడుకలోకి రాలేదు. అంతకుముందంతా నికెల్. నికెల్ మెరుపులో కొంచెం పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమియం నీలంగా తిరుగుతుంది. ఒక సంతలో 1912 నాటిదంటూ నాకు చూపిన నక్షత్రానికి చుట్టూ వలయం ఉంది, పైగా అద్దంలాంటి క్రోమియం పూత. ధర వినకుండానే కింద పెట్టేశాను. తర్వాతి కాలంలో మళ్లీ పూత వేయించిన అసలు బిళ్లలు కూడా ఉంటాయి కాబట్టి పూత ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పేరు, వలయం, దండ, పూత అన్నీ ఒకే కాలానికి సరిపోవాలి.

మీ చేతిలో ఏదైనా బిళ్ల ఉంటే ముందు, వెనక రెండు వైపులా పగటి వెలుతురులో తీసిన ఫొటోలు వ్యాఖ్యల్లో పెట్టండి. మా పెద్దాయనకు చూపించి చెబుతాను, ఆయన కన్ను నాకంటే గట్టిది. ఈలోపు మెరుగు పెట్టే పాలిష్ మాత్రం దాని మీద రుద్దకండి. అరిగిన నికెల్ దానితో పూర్తిగా పోతుంది.