పాలు చాలడం లేదా? ముందు తడిగుడ్డలు లెక్కపెట్టండి

ప్రశ్న: సిజేరియన్ అయి 12 రోజులైంది. పల్లెలో, పుట్టింట్లో ఉన్నాను. పాప తాగిన గంటకే మళ్లీ ఏడుస్తోంది. చనుమొనలు పగిలి, పాలివ్వాలంటేనే భయమేస్తోంది. పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమని పెద్దవాళ్లు అంటున్నారు. ఇక్కడ ఎవరిని అడగాలి? – ఓ సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: డబ్బా కొనే ముందు ఒక రోజంతా పాప తడిపిన గుడ్డలు లెక్కపెట్టండమ్మా. 24 గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా, లేత రంగులో మూత్రం పోస్తుంటే చాలావరకు పాలు అందుతున్నట్టే. గంటకోసారి ఏడ్చినంత మాత్రాన పాలు చాలడం లేదనుకోవద్దు. ఈ వయసులో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు. సాయంత్రాలు మరీ వదలరు.

నన్ను ఆలోచింపజేసింది పగుళ్ల సంగతి. పాప చనుమొన చివర మాత్రమే పట్టుకుంటోందేమో. అలాగైతే మీకు నొప్పి, తనకు అరకొర పాలు. నోరు బాగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా, గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టించండి. కుట్లు లాగుతుంటే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వండి. తాగాక మీ పాలే రెండు చుక్కలు పగుళ్లకు రాసి ఆరనివ్వండి.

ఇది చదివితే వచ్చే విద్య కాదు, పాలిస్తుండగా తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చూడాలి. సిజేరియన్ అయినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. మీకు 14వ రోజు ఎల్లుండే. కాకపోతే మీ పేరు అత్తగారి ఊరి జాబితాలో ఉండి, ఇక్కడి ఆశాకు మీరు వచ్చినట్టే తెలియకపోవచ్చు. అంగన్‌వాడీ టీచర్‌తోనో ఏఎన్ఎంతోనో ఈరోజే కబురు పెట్టండి. పాపను తూచమనండి. రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావాలి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే కాన్పు జరిగిన ఆసుపత్రికి వెళ్లి నర్సుకు చూపించండి. పాప ఆకలి మీద ఉన్నప్పుడే తీసుకెళ్లండి, కడుపు నిండి నిద్రపోతుంటే వాళ్లు చూసేదేమీ ఉండదు.

బరువు నిజంగా పెరగకపోతే పైపాలు ఎన్ని, ఎలా పట్టాలో డాక్టరే చెబుతారు. ఊరికే మొదలుపెడితే పాప చీకడం తగ్గుతుంది, దాంతో మీకు పాలూ తగ్గుతాయి. బాలింతకు నీళ్లు పడవని దాహంతో ఉంచే పథ్యం మాత్రం మానేయండి.

రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వస్తే డాక్టర్‌కు చూపించండి, పాలివ్వడం ఆపొద్దు. పాప మందకొడిగా ఉన్నా, తాగకపోయినా, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, మూత్రం బాగా తగ్గినా ఆశా కోసం ఎదురుచూడకుండా వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.