యాంజియోగ్రామ్ డై గుండె కండరాన్ని దెబ్బతీస్తుందా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. నాలుగడుగులు గబగబా వేస్తే ఛాతీ పట్టేస్తోందంటే ఎకో తీశారు. పంపింగ్ 40 శాతమే ఉందని గుండెకు మాత్రలు రాసి, యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే పరీక్ష) చేయించమన్నారు. అందులో ఎక్కించే డై వల్ల గుండె కండరం సరిగా ముడుచుకోదని చదివి, భయంతో రెండు నెలలుగా వాయిదా వేస్తున్నాం. మోకాళ్ల నొప్పులకు షాపులో తెచ్చుకునే మాత్రలు తప్ప వేరే మందులేమీ లేవు. చేయించవచ్చా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదు. కాకపోతే అది ఎక్కువగా పాత డైల సంగతి. గుండె కణం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. అప్పట్లో వాడిన అయానిక్ డైల (నీటిలో అయాన్లుగా విడిపోయేవి) గాఢత రక్తం కంటే సుమారు ఐదు రెట్లు ఉండేది. పైగా వాటిలో కలిపే సిట్రేట్ లాంటివి కాల్షియాన్ని పట్టేసుకునేవి. దాంతో కొద్ది సెకన్లపాటు కండరం పట్టు తగ్గేది, గుండె నెమ్మదించేది, అరుదుగా లయ కూడా తప్పేది. టేబుల్ మీద ఉన్న పేషెంటును 'గట్టిగా దగ్గండి' అనేది ఆ డై త్వరగా కొట్టుకుపోవాలనే. డై కొట్టుకుపోగానే కండరం తేరుకునేది. ఇప్పటి అయొహెక్సాల్ లాంటి వాటి గాఢత పాతవాటిలో దాదాపు సగం. అయోడిక్సనాల్‌దైతే రక్తంతో సమానం. పంపింగ్ తక్కువగా ఉన్నవారికి డై వీలైనంత తక్కువ వాడతారు, మానిటర్ మీద కనిపెట్టుకుని ఉంటారు. రిస్క్ సున్నా అని మాత్రం ఎవరూ రాసివ్వలేరు.

నన్ను కంగారు పెట్టింది మీ చివరి వాక్యాల్లో ఉంది. షాపులో తెచ్చుకునే ఆ మాత్రలేమిటి? డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ లాంటివేనా? రోజుకెన్ని, ఎన్నేళ్లుగా? అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పు, నీరు నిలబెడతాయి. పంపింగ్ తగ్గిన గుండెకు ఆ నీరే ఆయాసమై కూర్చుంటుంది. డై బయటకు పోయేది కూడా కిడ్నీల గుండానే. షుగర్, బలహీన గుండె, నొప్పి మాత్ర, ఆపైన డై... ఇన్ని కలిస్తే నా భయం గుండె కణాల గురించి కాదు, కిడ్నీ గురించి. డై గురించి అంత చదివినవాళ్లు ఆ మాత్రల అట్ట ఒక్కసారి తిప్పి చూడలేదా అమ్మా?

ఆ మాత్రలు ఇవాళే ఆపించండి. మోకాళ్లకు ఏం వాడాలో మీ డాక్టరే చెప్పాలి. గుండె మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ రక్తపరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలి అన్నది ఆ రిపోర్టును బట్టి ఉంటుంది. కొందరికి డై తర్వాత రెండు రోజులు ఆపి, క్రియాటినిన్ మళ్లీ చూశాకే మొదలుపెట్టిస్తాం. కిడ్నీ కడిగేయాలని బిందెలకొద్దీ నీళ్లు తాగించకండి, ఈ గుండె తట్టుకోలేదు. గతంలో డై పడకపోయినా, ఆస్తమా ఉన్నా ముందే చెప్పండి.

పేషెంటును చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. రెండు నెలలు ఇప్పటికే ఎక్కువ. ఈ వారమే మీ కార్డియాలజిస్టును కలవండి, మాత్రల అట్టలు కూడా తీసుకెళ్లండి. ఈలోగా కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.