మూడు నెలలన్న ప్రాజెక్ట్ ఐదో నెలలో పడింది, కొత్తగా ఇద్దరిని తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హన్మకొండలో నలుగురు కలిసి ఒక ప్రైవేట్ స్కూల్‌కు ఫీజుల సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. మూడు నెలలన్నారు, ఐదో నెల నడుస్తోంది. జూన్‌లో బడి తెరిచేలోపు ఇవ్వాలి. ఇద్దరు ఫ్రెషర్లను తీసుకుంటే గట్టెక్కుతామా అని.

తీసుకోకండి. నేను తీసుకుని దెబ్బతిన్నాను.

2023 అక్టోబర్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి (రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) తక్‌పట్టీల సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నాం. మార్కెట్ తెలియనివారికి: రైతు సరుకు అమ్మాక తూకం, రేటు, కోతలు పోను వచ్చే డబ్బు లెక్కగట్టి చేతికిచ్చే చీటీ తక్‌పట్టీ. ఫిబ్రవరిలో మిర్చి ఊపందుకుంటుంది కాబట్టి జనవరి ఆఖరుకు ఇస్తామన్నాం. ఎక్సెల్‌లో ప్లాన్ గీశాం. రైతు వివరాలు నాలుగు రోజులు, తూకం ఆరు రోజులు, ప్రింట్ మూడు రోజులు, నెలకు 25 పనిరోజులు. రంగులు కూడా వేశాం, చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

జనవరి రెండో వారంలో మొదటిసారి గుమాస్తాకు చూపించాం. పెద్దాయన, ఏళ్ల తరబడి చేత్తో రాస్తున్నాడు. స్క్రీన్ కాసేపు చూసి, "తమ్మీ, తాలు ఏడ రాయాలె?" అన్నాడు.

ఒకే రైతు ఒకే బండిలో మంచి మిర్చి పది బస్తాలు, రంగు పోయిన తాలు రెండు బస్తాలు తెస్తాడు. రెండింటికీ రేటు వేరు, తక్‌పట్టీ మాత్రం ఒకటే. మేమేమో తక్‌పట్టీకి ఒకే రేటు అనుకుని డేటాబేస్ కట్టాం. రేటు ఉండాల్సింది ఒక్కో లాట్‌కు, అంటే ఒకే రేటు పలికే బస్తాలకు, ఒక్కో వరుస ఉండే వేరే టేబుల్‌లో. ఆ ఒక్క మాటకు తూకం, మొత్తం, ప్రింట్, రిపోర్టులు అన్నీ కదిలిపోయాయి. అక్టోబర్‌లో ఒక పూట ఆ గుమాస్తా గల్లా పక్కన కూర్చుని ఉంటే అప్పుడే తెలిసేది. మేం మాట్లాడింది సేటుతో, ఏసీ గదిలో. సేటు తక్‌పట్టీ రాసి ఎన్నేళ్లయిందో!

అప్పుడు టెన్షన్‌లో ఇద్దరిని తీసుకున్నాం. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కు మనుషులను కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీ నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. నలుగురిలో ఎవరితో ఎవరు మాట్లాడాలో జతలు లెక్కేస్తే 6, ఆరుగురైతే 15. లెక్క సంగతి అలా ఉంచండి, మా దగ్గర జరిగింది ఇంకా మామూలు విషయం. తక్‌పట్టీ లెక్క కాస్త తెలిసింది నాకొక్కడికే, ఆ నేను రెండు వారాలు అడ్తి అంటే ఏంటో చెబుతూ కూర్చున్నాను. వాళ్ల తప్పేం లేదు పాపం.

పైగా మేడారం. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర. రెండేళ్లకోసారి వచ్చేదే, నలుగురం ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లమే, ప్లాన్ గీసేటప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు. నాలుగు రోజులే కదా అనుకోకండి. ముందు వారం ఎత్తు బంగారం (మొక్కుగా తూచి ఇచ్చే బెల్లం), చుట్టాలు, బండి మాట్లాడుకోవడం. వచ్చాక ఒళ్లు నొప్పులు. ఇప్పుడు బతుకమ్మ, జాతర, టీమ్‌లో ఎవరింట్లో పెళ్లి ఉందో చూశాకే ఎక్సెల్ తెరుస్తాను. నెలకు 17 రోజులకు మించి లెక్కేయను.

సీజన్ ఆగదు, మనుషులను పెంచి లాభం లేదు, ఇక తగ్గించగలిగింది పనినే. సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాం. తిట్టాడు. తిట్టడం అయ్యాక గుమాస్తాను పిలిచి, ఏది లేకపోతే పని ఆగుతుందని అడిగాం. రెండే చెప్పాడు: తక్‌పట్టీ ప్రింట్, సాయంత్రానికి ఏ ఖరీదుదారు ఎంత ఇవ్వాలో జాబితా. మార్చి మొదటి వారంలో ఆ రెండే ఇచ్చాం. పది రోజులు ఆయన పుస్తకంలో కూడా రాశాడు, రాత్రి రెండూ పోల్చేవాళ్లం. మొదటి రాత్రే కొన్ని చీటీల్లో రూపాయి తేడా. మేం ఒక్కో లాట్‌కు పైసలు సవరిస్తున్నాం, ఆయన చివర్లో ఒక్కసారే సవరిస్తాడు. మొబైల్ యాప్, గ్రాఫులు సీజన్ అయ్యాక చూద్దామన్నాం. గ్రాఫులు ఇప్పటికీ ఎవరూ అడగలేదు.

మీ విషయానికొస్తే, రేపు పొద్దున ఫీజు కౌంటర్ దగ్గర కూర్చోండి, ప్రిన్సిపల్ గదిలో కాదు. పాత రసీదు పుస్తకం ఒకటి అడిగి, కొట్టివేతలున్న పేజీలు చూడండి. మీ తాలు అక్కడే దొరుకుతుంది: అన్నదమ్ములిద్దరి ఫీజు తండ్రి ఒకేసారి కట్టి ఒకే రసీదు అడగడం, పోయినేటి బాకీ, మధ్యలో బస్సు మానేసిన పిల్ల. బడి తెరిచిన రోజు క్లర్కుకు ఏది లేకపోతే లైన్ ఆగుతుందో ఆయన్నే అడగండి. మిగతావి దసరాకు.

కొత్త తేదీ ఊహించి చెప్పకండి. ఇప్పటిదాకా ఒక్కో పనికి మీరన్న రోజులెన్ని, పట్టిన రోజులెన్ని, పక్కపక్కన రాసుకోండి. మాకు దాదాపు రెట్టింపు వచ్చింది. మీకూ అంతే వస్తే, మిగిలింది పది రోజుల పని అనిపించినప్పుడు ఇరవై చెప్పండి. ప్రతి శనివారం అయినంతవరకు వాళ్ల కంప్యూటర్‌లోనే నడిపి చూపించండి. మా సేటు ఫోన్లు తగ్గింది అప్పుడే.

ఫ్రెషర్లను తీసుకోవాలనే ఉంటే జూన్ గడిచాక తీసుకోండి. మేం తీసుకున్న ఇద్దరిలో ఒకమ్మాయి ఇప్పుడు తక్‌పట్టీ లెక్క నాకంటే బాగా చెబుతుంది.