వేసిన యూరియా ఎటు పోతోంది?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర కాలువ కింద నాలుగెకరాలు. వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న పెడుతున్నాను. మా నాన్నగారు వరికి ఎకరానికి ఒక బస్తా యూరియా వేసి, కోతకు ముందు మినుము చల్లేవారు. నేను వరికే ఎకరానికి మూడు బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు) వేస్తున్నా దిగుబడి 30 బస్తాలు దాటడం లేదు. వేసిందంతా ఎటు పోతోంది? వాన నీళ్లలోనే నత్రజని ఉంటుందని మా పెద్దలు అంటారు, నిజమేనా?

జవాబు: ముందు మీ లెక్కే చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 21 కిలోలు. మూడు బస్తాలకు 62, డీఏపీ నుంచి మరో 9, మొత్తం 71 కిలోలు. మీకు పండిన 30 బస్తాల ధాన్యం, దాని గడ్డి కలిపి తీసుకునేది 40 నుంచి 45 కిలోలే. అందులోనూ దాదాపు సగం నేల తనంతట తాను ఇస్తుంది. అంటే మీరు చల్లినదాంట్లో మొక్క నోటికి అందేది మూడో వంతు. మిగతా రెండు వంతుల్లో కొంత నేలలో మిగిలినా, ఎక్కువ భాగం గాలిలోకీ, మురుగు కాలువలోకీ పోతోంది.

గాలిలోకి ఎలా పోతుందో చెబుతాను, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఇక్కడే ఎక్కువ. నిండుగా నీళ్లున్న మడిలో యూరియా చల్లితే అది అమ్మోనియాగా మారుతుంది. ఎండ వేళ నీటిలోని పాచి బొగ్గుపులుసు వాయువును పీల్చేయడంతో నీటికి క్షారగుణం పెరిగి, ఆ అమ్మోనియా ఆవిరై లేచిపోతుంది. రెండో దారి, వంతుల వారీ నీళ్లొచ్చే మన డెల్టాలో మరీ ఎక్కువ. మడి ఆరినప్పుడు గాలి తగిలి నత్రజని, నీటిలో తేలిగ్గా కరిగే నైట్రేట్ అవుతుంది. మళ్లీ నీళ్లు నిండగానే, గాలి అందని సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. ఆరడం, తడవడం ఎన్నిసార్లు జరిగితే అంత నష్టం.

ఇక మిగిలిన నైట్రేట్‌ను మట్టి రేణువులు పట్టి ఉంచలేవు, నీరు ఎటు కదిలితే అటు పోతుంది. ఎకరం మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు లక్ష లీటర్ల నీరు. తుఫాను రోజున మూడు, నాలుగు అంగుళాలు పడితే ఆ నీరు గట్టు పొర్లి మురుగు కాలువ పట్టుకుని రేపల్లె, నిజాంపట్నం వైపు పల్లానికి పోతుంది, మీ ఎరువునూ తీసుకుపోతుంది. కొంత కిందికి ఇంకి ఊరి బోరు నీళ్లలో కలుస్తుంది. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు బోరు నీళ్లు తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించమని గట్టిగా చెబుతున్నాను.

సముద్రం చేరిన నీరు మబ్బై తిరిగొస్తుంది. గాలిలోకి పోయిన నత్రజనికీ తిరుగుదారి ఉంది. మీ పెద్దలు చెప్పింది అందుకే నిజం: మెరుపుల వేడికి గాలిలోని నత్రజని వానలో కలిసి దిగుతుంది. కానీ ఏడాది మొత్తానికి ఎకరాకు కొద్ది కిలోలే, దానితో వరి పండదు. తొలకరికి పైరు ముదురాకుపచ్చగా నల్లబడటానికి అసలు కారణం, ఎండిన నేల తడవగానే సూక్ష్మజీవులు చురుకై సేంద్రియ పదార్థంలోని నత్రజనిని విడుదల చేయడం.

భాస్వరం సంగతి వేరు. దానికి వాయు రూపం లేదు, వానతో తిరిగి రాదు. ఒకప్పుడు కృష్ణ వరద తెచ్చిన ఒండ్రు ఆ లోటు తీర్చేది. ఇప్పుడు ఒండ్రులో చాలా భాగం శ్రీశైలం, సాగర్ జలాశయాల్లోనే పేరుకుంటోంది. అయితే మీరు వేసిన డీఏపీలో పంట తీసుకోగా మిగిలిన భాస్వరం ఎక్కడికీ పోలేదు. నల్లరేగడిలోని సున్నంతో బిగుసుకుని నేలలోనే ఉంది. పరీక్షలో ఎక్కువగా తేలితే డీఏపీ తగ్గించి, భాస్వరం కరిగించే బ్యాక్టీరియాను పశువుల ఎరువులో కలిపి వేయండి.

మీ ప్రశ్నలో గడ్డి మాట లేదు. మొక్కజొన్న కోసం తగలబెడుతున్నారేమోనని నా అనుమానం. వరి తీసుకునే పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. ఎకరం గడ్డిలో ఒక బస్తా మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు మించిన పొటాష్ ఉంటుంది. కాలిస్తే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. దయచేసి కాల్చకండి. పశువులకు వేస్తే ఆ పేడను మళ్లీ పొలానికే తోలండి, లేదా సాళ్ల మధ్య కప్పండి.

యూరియాను ఒకేసారి వేయకుండా నాట్లప్పుడు, పిలకలు వేసి దుబ్బు చేసేటప్పుడు, కంకి అంకురం దశలో మూడు దఫాలుగా వేయండి. నీళ్లు తీసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. ఈ ఖరీఫ్‌లో ఒక ఎకరంలో రెండు బస్తాలతో చేసి, మిగతా మడులతో పోల్చండి. మొక్కజొన్నకు పైన చల్లొద్దు, మొదలు పక్కన గుంటలో వేసి మట్టి కప్పండి.

మీ నాన్నగారి మినుము ఊరికే చల్లింది కాదు. దాని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది. గింజతో చాలా భాగం వెళ్లినా రాలిన ఆకు, వేరు నేలకు మిగులుతాయి. ఆకులు పసుపుబారే పల్లాకు తెగులు, పైరును అల్లుకుని పీల్చే బంగారు తీగ కలుపు వల్లే చాలామంది మానేశారు, నాకు తెలుసు. అన్ని ఎకరాల్లో కాకపోయినా ఒక ఎకరంలో, తెగులును తట్టుకునే రకంతో, ఏడాదికో మడి మార్చుకుంటూ వేయండి. మిగతా చోట్ల మొక్కజొన్న తీశాక పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి, 45 రోజులకు పూత దశలో కలియదున్నండి. ఎకరానికి ఒక బస్తా యూరియాకు తగ్గని నత్రజని వస్తుంది.

ఏప్రిల్‌లో పొలం ఖాళీ కాగానే మట్టి తీయండి. ఎకరంలో 8, 10 చోట్ల ఆంగ్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వి, అంచు నుంచి మట్టి గీయండి. గట్ల దగ్గర, చెట్ల కింద, పేడకుప్ప వేసిన చోట వద్దు. అంతా కలిపి నీడన ఆరబెట్టి, అరకిలో గుడ్డ సంచిలో కట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఆ ఫలితం పంపితే డీఏపీ, పొటాష్ ఎంత వేయాలో కిలోలతో సహా రాస్తాను.